బ్లాయెన్‌నాంట్ వారి గ్లాస్ దుప్పటి

ప్రతి ఉదయం ఆరూ ఇరవైకి ఇద్వల్ పెరటి తలుపు తీసి, పదిహేడు అడుగులు నడిచి, రంగుల కొట్టం గోడవార ఉన్న బకెట్టును దర్శించుకుని, మళ్లీ పదిహేడు అడుగులు వెనక్కి నడిచి టీ ముందు కూర్చునేవాడు. ఇరవై ఆరేళ్లలో ఈ యాత్రకు విఘ్నం కలిగింది మూడేసార్లు. ఒకసారి మంచు తలుపును కప్పేసింది. ఒకసారి గజ్జల హెర్నియాకి ఆపరేషన్ అయింది. ఒకసారి అత్తగారు పోయారు, అదీ సరిగ్గా ఆరూ ఇరవైకే. రాజులు దండెత్తి వెళ్లిన ప్రతి డొంకదారికీ పటాలు గీసిన చరిత్రకారులు ఈ పదిహేడు అడుగుల గురించి ఒక్క ముక్క రాయలేదు. అది వాళ్ల లోపం. టైవీ నది ఒడ్డున ఏ ఇంట్లో ఏ మంచం మీద నీలం దుప్పటి కనిపించినా, ఆ నీలం వెనక ఇద్వల్ ఉన్నాడు.

సంగతేమిటంటే, నీలిమందు మహా మొండిది. మామూలు నీళ్లలో కరగదు. బాగా పులిసిన మూత్రంలో వేసి, గోరువెచ్చగా ఉంచి, రెండు వారాలు పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటే అప్పుడు మెత్తబడుతుంది. ఈ రోజుల్లో పొట్లాల్లో పొడులు వచ్చాయి, గంటలో పని అయిపోతుంది, కంపు కూడా ఉండదు. కాని ఇద్వల్ భార్య టెగ్వెన్‌కి పొట్లాల మీద నమ్మకం లేదు. వాళ్ల తాత ఎసాయా బకెట్టుతోనే చేశాడు, తను కూడా బకెట్టుతోనే చేస్తుంది. తాగేవాళ్ల నీలం ముదురుగా వస్తుందని ఎసాయా తాతకో సిద్ధాంతం ఉండేది. చాపెల్ పెద్దలు ఆ సిద్ధాంతాన్ని తీవ్రంగా ఖండించారు గాని, పరీక్షకి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

ఒక ఏడాది డాక్టరు ఇద్వల్‌కి రక్తపోటు తగ్గడానికి కొత్త బిళ్లలు రాశాడు. పదిరోజుల్లో కాగులో నీలం నీరసించింది. టెగ్వెన్ బస్సెక్కి వెళ్లి డాక్టరును నిలదీసింది. రోగికి ఎలా ఉందని ఆయన అడిగితే, రోగి దుక్కలా ఉన్నాడు, పాలిపోయింది ఉన్నే అని చెప్పింది. డాక్టరు కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, బిళ్లలు మార్చాడు.

కుమ్ హెలిగ్ ఊళ్లో చేతిమగ్గం మీద నేసే ఆఖరి మనిషి టెగ్వెన్. ఆ ఊళ్లో ఇంటిపేర్లతో పనిలేదు. ఉన్నవి నాలుగే ఇంటిపేర్లు, అవి ఊరంతా సరిపెట్టుకున్నారు. అందుకని మనిషిని వృత్తితోనో, పొలంతోనో పిలుస్తారు. బండి మీద రొట్టెలమ్మిన ఇద్వల్ రొట్టెల ఇద్వల్ అయ్యాడు, బండి అమ్మేసి పదేళ్లయినా. టెగ్వెన్ రంగుల టెగ్వెన్. ఏటి ఒడ్డున ఎసాయా తాత నడిపిన ఉన్ని మిల్లు యుద్ధం తర్వాత మూతపడితే, పాత సామాన్ల కింద ఒక కర్ర మగ్గం దొరికింది. దాన్ని విప్పి, రొట్టెల బండిలో మూడు దఫాలుగా ఇంటికి తెచ్చుకుంది. ఆ మూడు రోజులూ ఊరు రొట్టెలు లేకుండా బతికింది.

మగ్గంతోపాటు తాత నోటుపుస్తకం కూడా వచ్చింది. అందులో అల్లికలన్నీ గళ్లు గళ్లుగా గీసి ఉన్నాయి. రంగులు మాత్రం రాయలేదు. రంగులు ఆమె సొంతంగా వెతుక్కుంది. ఊళ్లో ప్రతి వంటింట్లోంచీ ఉల్లిపొట్టు వసూలు చేసింది. కొండమీద ముళ్లపొదల పసుపు పూలు కోయడానికి వెళ్లి, రెండుసార్లు పొట్టేలు చేత తరిమించుకుంది. రాళ్లమీద పట్టే బూజులాంటి నాచు నుంచి ఇటుకరంగు వస్తుందని కనిపెట్టాక, ఆమె చూపు చాపెల్ వెనక సమాధుల మీద పడింది. మొదట్లో జనం నొచ్చుకున్నారు. కాని చెంచాతో ఆమె గీకిన చోటల్లా పేర్లు, తేదీలు బయటపడుతుంటే మెత్తబడ్డారు. ముత్తాత రాతిని ఎప్పుడు గీకుతావని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. మోచేతుల దాకా నీలం పట్టిన చేతులతో చాపెల్‌లో ప్రార్థన రొట్టె, ద్రాక్షరసం అందుకోవడం మర్యాద కాదని ఎవరో గొణిగితే, ఆదివారాలకి తెల్ల చేతితొడుగులు కొనుక్కుంది. అవి నెల తిరక్కుండా నీలమయ్యాయి.

ఇంత చేసినా ఆమెకో ముల్లు ఉండేది. నేసింది ఏదైనా సరే, ఊరు తిరగేసి చూసి, నలిపి చూసి, "బానే ఉంది. ఎసాయా చేతిది కాదు గాని, బానే ఉంది," అనేది. ఇరవై ఆరేళ్లుగా ఇదే తీర్పు. ఇదికాక, కిందటి శీతాకాలం నుంచి కుడి భుజం పట్టేసింది. పెద్ద అల్లికలు ఇక కట్టిపెట్టమన్నాడు డాక్టరు. ఇంకొక్కటి, అన్నది టెగ్వెన్. ఇంకొక్కటి మాత్రం, ఎసాయా చేతిదే అని ఎవరో ఒకరి నోట అనిపించేది.

ఆ ఒక్కటి ఫిబ్రవరిలో ట్రాక్టరెక్కి వచ్చింది.

బ్లాయెన్‌నాంట్ పొలం ఇథెల్ డెబ్భై రెండేళ్ల బ్రహ్మచారి, చాపెల్ పెద్ద, కిందటిసారి నవ్వినప్పుడు ఎవరూ దగ్గర లేరని ప్రతీతి. అలాంటివాడు జూన్‌లో పెళ్లి చేసుకోబోతున్నాడు. పెళ్లికూతురు పోస్టాఫీసు నెస్టా, అరవై ఆరేళ్ల వితంతువు, ఊళ్లో ప్రతి ఉత్తరం బరువూ, సగం ఉత్తరాల విషయమూ తెలిసిన మనిషి. మూడేళ్లుగా ఇథెల్ ప్రతి మంగళవారం వచ్చి ఒక స్టాంపు కొనేవాడు. ఆయన ఎవరికీ ఉత్తరం రాయడని నెస్టాకి తెలుసు. నూట యాభై స్టాంపులయ్యాక విషయం తేలింది. అయినా ఇద్దరూ ఒకరినొకరు ఇంకా మీరు మీరు అనుకునేవాళ్లు.

ఇథెల్‌కి కావలసింది వాళ్ల అమ్మ పెళ్లి మంచానికి ఎసాయా తాత నేసిచ్చిన దుప్పటి లాంటిది. ఆ దుప్పటిని పంపకాల్లో అక్క లివర్‌పూల్ పట్టుకుపోయింది. అక్కడ యుద్ధంలో ఇంటిమీద బాంబు పడింది. అక్క బతికింది, దుప్పటి పోయింది. ఆ వరస గురించి ఇథెల్ ఏనాడూ వ్యాఖ్యానించలేదు.

"గుమ్మాల అల్లిక," అన్నాడాయన టోపీ తిప్పుతూ. "రంగు గ్లాస్. మీవాళ్లు చేసిందే కదా, మీకు నేను చెప్పేదేముంది."

గ్లాస్ అంటే మంచినీళ్లు తాగేది కాదు, వాళ్ల భాషలో ఒక రంగు. ఏ రంగన్నదే ఈ కథ. నోటుపుస్తకం తీస్తే అందులోనూ అదే ఉంది, తాత చక్కని దస్తూరీలో: బ్లాయెన్‌నాంట్, గుమ్మాలు, గ్లాస్. ఆపైన ఒక్క అక్షరం లేదు. ఇంకేమైనా గుర్తుందా అని ఆమె అడగవచ్చు. కాని ఎసాయా మనవరాలై ఉండి, ఎసాయా రంగు గురించి గొర్రెలు కాసుకునే మనిషిని అడగడమా? ఆమె తల ఊపింది. గ్లాస్ అంటే నీలం. రంగులు వేసే మనిషికి గ్లాస్ అంటే నీలం తప్ప మరొకటి లేదు, కాగులో ఉన్నదదే. ఇద్వల్‌ని రెండు పూటలా యాత్రకి వెళ్లమంది.

మార్చిలో ఒక ఉదయం ఇథెల్ డజను గుడ్లు పట్టుకుని పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే టెగ్వెన్ కాగులోంచి మొదటి ఉన్నిదారపు లడులు పైకి తీస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. నీలిమందు కాగులోంచి బయటపడ్డ ఉన్ని నీలంగా ఉండదు. లేత గడ్డిలాగా, పచ్చి జామకాయలాగా పచ్చగా ఉంటుంది. గాలి తగిలిన రెండు మూడు నిమిషాలకి, చూస్తుండగానే, నీలానికి తిరుగుతుంది. కొట్టంలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది సూర్యోదయమంత మామూలు విషయం. ఇథెల్ కొట్టంలో పుట్టలేదు.

నీళ్లోడుతున్న ఆ లడుల ముందు ఆయన నిలబడిపోయాడు. టోపీ తీశాడు.

"ఇదే," అన్నాడు. "ఇదేనండీ. మా అమ్మ గ్లాస్."

అంతే. గుడ్లు గుమ్మంలో పెట్టి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. ట్రాక్టరు వంతెన దాటేలోగా లడులు ఆకాశమయ్యాయి. టెగ్వెన్ గబగబా ఇంట్లోకి వచ్చి భర్తకి చెప్పింది, ఇరవై ఆరేళ్లలో తన ఉన్ని ముందు టోపీ తీసిన మొదటి మనిషి ఇథెల్ అని.

"వాసనకి తీసుంటాడు," అన్నాడు ఇద్వల్.

"నీది నువ్వే వెక్కిరించుకుంటున్నావు."

ఆపై తొమ్మిది వారాలు మగ్గం ఆగలేదు. అది రెండు పొరల నేత. ఒకే మగ్గం మీద ఒకదానికింద ఒకటి రెండు బట్టలు నడుస్తాయి, గడికోసారి పైది కిందికి, కిందిది పైకి దూకుతాయి. ఇటు నీలం గుమ్మం ఉన్నచోట అటు గొర్రె ఇచ్చిన తెలుపు గుమ్మం. ఒక్క పోగు తప్పితే గుమ్మం వంకర, రెండు తప్పితే ఇల్లే వంకర. మగ్గం ఇరుకు కాబట్టి సగం దుప్పటి ఒకసారి, సగం ఒకసారి నేసి నడిమధ్య కుట్టాలి. గుమ్మాలు గుమ్మాలతో కలవాలి. టెగ్వెన్ నాడె విసిరేటప్పుడు కుడి భుజం గుర్తు చేసేది. ఆమె ఎడమచేత్తో విసరడం నేర్చుకుంది. మధ్యలో ఒక వారం తాత గీతలో ఒక గుమ్మం మరీ ఇరుకనిపించి, రెండు పోగులు వెడల్పు చేసింది. చేశాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడోరోజు చూస్తే అది తాతదానికన్నా బాగుంది. ఆ మాట పైకి అనలేదు.

మే నెల నాలుగో వారంలో, పెళ్లికి పదకొండు రోజులుందనగా, ఇథెల్, నెస్టా వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. టెగ్వెన్ ఎండుద్రాక్షల రొట్టె కోసి, వెన్న రాసి పెట్టింది. టీ పోసింది. దుప్పటి తెచ్చి బల్లమీద పరిచింది. నెస్టా నోట మాట లేదు, ఆమె విషయంలో అది వార్త. ఇథెల్ దుప్పటి అంచు ఎత్తి, తిరగేసి చూశాడు.

"పాడైపోయినట్టుందండీ," అన్నాడు చివరికి, పాలు విరిగాయని చెప్పే గొంతుతో.

"ఏది పాడైంది?"

"రంగు. నేను చూసినప్పుడు గ్లాస్‌గానే ఉంది."

"ఇప్పుడూ గ్లాసేగా."

"ఇది ఆకాశం గ్లాస్. నేనడిగింది గడ్డి గ్లాస్. మా కింది చేను ఉంటుందే, ఆ గ్లాస్."

టెగ్వెన్ కుర్చీలో కూర్చుంది. ఆ కూర్చోవడం కుర్చీకి కూడా వినిపించింది.

ఇథెల్ అన్నదాంట్లో తప్పులేదు, అదీ దారుణం. ఆకాశం గ్లాస్. గడ్డీ గ్లాస్. బూడిదరంగు గుర్రమూ గ్లాసే, వెండి నాణెమూ గ్లాసే. ఆకుపచ్చకి వేరే మాట ఉంది, అది బళ్లో చెబుతారు, దుకాణంలో వాడతారు. కొండమీద గొర్రెలతో బతికేవాడికి మేత ఎప్పుడూ గ్లాసే. మనకిది వింతగా ఉండనక్కర్లేదు. పచ్చిక పచ్చ, పసుపు పచ్చ, కామెర్లూ పచ్చ. అయినా మనవాళ్లు ఈ కారణంగా పెళ్లి చెడగొట్టుకున్న దాఖలా లేదు. మనవాళ్లకి వేరే కారణాలున్నాయి.

ఇక్కడ మాత్రం చెడేలాగే ఉంది. తప్పు ఎవరిదీ కాదని, తొందరేం లేదని, ఇంకోటి నేసేదాకా, అంటే పంట కోతలయ్యేదాకా, పెళ్లి ఆగినా తనకు ఫరవాలేదని ఇథెల్ ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇంకోటి నేసే భుజం లేదని టెగ్వెన్ చెప్పబోతుండగా, నెస్టా కప్పు కింద పెట్టింది.

"మూడేళ్లు స్టాంపులమ్మాను," అంది. "కోతలేవిటి, కోతలు. గడ్డి మళ్లీ మొలిచేదాకా కూర్చోడానికి నేనేం గొర్రెనా? నువ్వు నోరు మూసుకుని టీ తాగు, ఇథెల్."

గదిలో అందరూ ఆమెవైపు తిరిగారు. నోరు మూసుకోమన్నందుకు కాదు, నువ్వు అన్నందుకు. మూడేళ్లలో అదే మొదటిసారి. ఇథెల్ చెవులు ఎర్రబడ్డాయి. టీ తాగాడు. తాగి, కొంచెంసేపటికి, చాలా చిన్నగా, "అలాగేలే, నువ్వే చెప్పు మరి," అన్నాడు. ఆ విధంగా వాళ్ల దాంపత్యం పెళ్లికి పదకొండు రోజుల ముందు ప్రారంభమైంది.

మర్నాటికి ఊరు రెండు ముక్కలైంది. కొండవైపువాళ్లు గడ్డి పక్షం, ఏటివైపువాళ్లు ఆకాశం పక్షం. బడిపంతులు నిఘంటువు తెచ్చాడు. అది రెండు పక్షాలనూ సమర్థించింది కాబట్టి దాన్ని ఇంటికి పంపేశారు. చాపెల్ పాదిరి ఆదివారం ఉపన్యాసంలో ఆకాశాన్నీ గడ్డినీ సృష్టించింది ఒకరేనని, ఆయన వేటికీ చీటీలు అంటించలేదని సెలవిచ్చాడు. అది కూడా తమకే అనుకూలమని రెండు పక్షాలూ ఇంటికి నడిచాయి.

దారి టెగ్వెన్‌కి మొదటిరోజే తెలుసు. నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. పసుపుకి పెరట్లో కిందటేడు ఎండబెట్టిన మెలెంగి మొక్క ఉంది, పొడుగ్గా కంకుల్లా పెరిగి బంగారంలాంటి రంగునిస్తుంది. కాని ఎప్పుడూ రంగు వేసేది పోగులకి, నేసి కుట్టిన దుప్పటికి కాదు. వేడి ఎక్కువైతే ఉన్ని ముడుచుకుని కంబళి కాస్తా కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. కలిపితే గట్టిపడుతుంది. కలపకపోతే మచ్చలు పడుతుంది. పైగా తెలుపు గుమ్మాలన్నీ తెల్లగా ఉండవు, అవీ పసుపవుతాయి. దుప్పటి మొత్తం మీద దాచుకోవడానికి ఒక్క గడీ ఉండదు.

ఇద్వల్ మంచి సలహా ఇచ్చాడు. కార్డిఫ్ దుకాణంవాడు ఈ నీలం దుప్పటిని రేపే ఎగరేసుకుపోతాడు. వాడికి ఇచ్చెయ్. ఇథెల్‌కి దణ్ణం పెట్టు.

"ఇచ్చేస్తే ఏమంటారు?"

"బానే ఉందంటారు."

"అదే," అంది టెగ్వెన్. "ఎప్పుడూ అనేదే."

కుచ్చుల్లోంచి వేలెడు ముక్క కత్తిరించి చిన్న గిన్నెలో వేసి చూసింది. నీలం గడ్డి అయింది. తెలుపు వెన్న అయింది. ముక్కని కిటికీ దగ్గర పెట్టుకుని ఆ పూటంతా వెలుగులో తిప్పి తిప్పి చూసింది. సాయంత్రం లేచి, దుప్పటి పట్టేంత పాత్ర తన దగ్గర లేదని బ్లాయెన్‌నాంట్‌కి కబురు పంపింది.

ఇథెల్ వాళ్లమ్మ బట్టలుడికించిన రాగి కాగును ట్రాక్టరు మీద తెచ్చాడు. తప్పులో సగం తనదే అనిపించిందేమో, కట్టెలు కూడా తనే కొట్టాడు. మొదటిరోజంతా దుప్పటి పటిక నీళ్లలో నానింది. రెండోరోజు పొద్దున్నే మెలెంగి కాచి వడపోసి, చల్లటి రసంలో దుప్పటిని మడత మీద మడత దింపి, కింద సన్నటి మంట పెట్టారు. పొయ్యి ఇథెల్‌ది. చెయ్యి పెట్టి వేడి చూడటం టెగ్వెన్‌ది. కాగుకి మూడడుగుల దూరంలో ముక్కాలిపీట మీద నెస్టా చేతికర్రతో కూర్చుంది. ఆమె పని ఒకటే, ఇథెల్‌ని కలపనివ్వకపోవడం. గొర్రెల్ని మందులో ముంచే అలవాటున్న మనిషికి కాగు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మొదటి గంటలో ఆయన రెండుసార్లు గరిటె అందుకున్నాడు, రెండుసార్లూ కర్ర మోకాలికి తగిలింది.

"ఊరికే చూద్దామని," అన్నాడు.

"కళ్లతో చూడు."

మధ్యాహ్నానికి కాగులోంచి ఎండుగడ్డి వాసన లేచింది. టెగ్వెన్ పది నిమిషాలకోసారి మోచెయ్యి ముంచి, మంట తీయమనో పెట్టమనో వేలితో చెప్పేది, నోటితో కాదు. ఒకసారి నీళ్ల అంచున చిన్న బుడగ ఒకటి లేచింది. ఆమె మొహం ఆ బుడగకన్నా తెల్లబడింది. ఇథెల్ మారు మాట్లాడకుండా మండుతున్న కట్టెల్ని బూటుకాలితోనే అవతలికి తన్నాడు. అది ఆదివారం బూటు. ఈసారి నెస్టా కర్ర లేవలేదు. ఇద్వల్ కౌల్ అనే మాంసం పులుసు పట్టుకొచ్చి, మేకమాంసం కాదు గొర్రెమాంసమేనని హామీ ఇచ్చి, ఎవరూ తినకపోవడం చూసి తనే తిన్నాడు. సాయంత్రం టెగ్వెన్ మంట ఆర్పి, చల్లారేదాకా దాన్ని ముట్టుకోవద్దని చెప్పి అందరినీ ఇంటికి పంపేసింది.

మర్నాడు పొద్దున్న నలుగురూ నాలుగు మూలలు పట్టి పైకి తీశారు. ఏట్లో జాడించి, గోడమీద ఆరేశారు. రెండంగుళాలు కురచైంది, అంతే. నీలం గుమ్మాలు గడ్డి పచ్చ. తెలుపు గుమ్మాలు పసుపు పచ్చ. మన భాషలో చెప్పాలంటే మొత్తం దుప్పటంతా పచ్చే, తగాదాకి తావే లేదు. వాళ్ల భాషలో ఇంకా తీర్పు రావాలి.

ఇథెల్ దగ్గరికి వెళ్లాడు. దూరం జరిగాడు. మళ్లీ దగ్గరికి వెళ్లాడు. వాళ్లమ్మ దుప్పటిలో రెండో రంగు ఏదని తగాదా వచ్చాక టెగ్వెన్ ఎన్నిసార్లు అడిగినా, రెండోది రెండోదే, అంటూ వచ్చిన మనిషి, ఇప్పుడు పసుపు గుమ్మం మీద వేలు పెట్టి, "చేలో పసుపు పూలు," అన్నాడు. "గడ్డీ, పూలూ. అదేనండీ." అని, ఎందుకో ఆగి, రెండు ముక్కలు కలిపి కుట్టిన నడిమి కుట్టు దగ్గరికి వంగాడు. మొద్దు బొటనవేళ్లతో కుట్టును కొద్దిగా విడదీశాడు.

కుట్టు బిగువుగా ఉన్నచోట పసుపు లోపలికి దిగలేదు. అక్కడ సన్నగా, దారం మందాన, ఒక నీలి గీత.

ఆయన ఆ గీత మీద గోరు ఆనించాడు.

"ఇదిగో. ఇది కూడా ఉండేది. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ పక్కలో పడుకుని ఇక్కడ గోరుతో గీకేవాణ్ని. లోపల నీలంగా ఉండేది. ఎందుకుందో ఎవరికీ తెలీదు."

టెగ్వెన్‌కి తెలిసింది. ఒక్కసారిగా, నీళ్లు నెత్తిన పోసినట్టు తెలిసింది. మొదట నీలంతో, తెలుపుతో నేసి కుట్టకపోతే కుట్టులో నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎసాయా తాత, లోయలోకెల్లా గొప్ప రంగుల మనిషి, ఎవరి పేరు చెప్పి తనని ఇరవై ఆరేళ్లు చిన్నబుచ్చారో ఆ ఎసాయా, బ్లాయెన్‌నాంట్ వాళ్లు గ్లాస్ అంటే సరేనని తలూపి, అడగడానికి నామోషీ పడి, నీలం దుప్పటి నేసి పట్టుకెళ్లాడు. వాళ్లు గడ్డిని చూపించారు. ఆయన ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా, పసుపు కాగు పొయ్యిమీద పెట్టాడు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది. ఎందుకని ఇద్వల్ అడిగితే చెప్పలేకపోయింది, నెస్టా అడిగితే చెప్పలేదు. ఇథెల్ అడిగినప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుని, "మీరేమంటారు మరి?" అంది.

"ఏమంటాను," అన్నాడాయన. టోపీ లేదు, ఉంటే తీసేవాడే. "ఎసాయా చేతిదే."

అది ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆకాశం పక్షం, గడ్డి పక్షం రెండూ గెలిచినట్టు ప్రకటించుకున్నాయి. టెగ్వెన్ రహస్యం బయటపెట్టలేదు. తాత పరువు కోసమని తను అనుకుంది. తన పరువు కూడా అందులో కొంత ఉందని ఇద్వల్ అనుకున్నాడు, పైకి అనలేదు.

జూన్ మూడో తేదీ శనివారం పెళ్లయింది. పెళ్లికొచ్చినవాళ్లంతా వరసగా బ్లాయెన్‌నాంట్ మేడమెట్లెక్కి, మంచం మీద పరిచిన దుప్పటిని చూసి, చేత్తో తడిమి, కుట్టు దగ్గర వంగి, కిందికి దిగి కేకు తిన్నారు. టెగ్వెన్ మెట్లకింద కొత్త చేతితొడుగులతో నిలబడి, ఎసాయా పేరు ఎవరెవరు అన్నదీ లెక్కపెట్టుకోలేదని తర్వాత చెప్పుకుంది. పదిహేడు మంది అన్నారు.

సోమవారం నెస్టా దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, నడుమ కలరా ఉండలు వేసి, ఓక్ పెట్టెలో పెట్టి తాళం వేసింది. రోజూ కప్పుకోవడానికి కార్మార్థెన్ సంతలో కొన్న గులాబీ రంగు నైలాన్ దుప్పటి ఉంది. అది ఉతికితే గంటలో ఆరుతుంది.